రెండు జీబీల కాపురం

తిరుపతిలో ఒక అంగడి బల్ల మీద 2011లో నాకు ప్రాణం పోశారు. డ్యూయల్ కోర్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, వాటి మీద విండోస్ 7. ఆ విండోస్ డబ్బిచ్చి కొన్నది కాదు, అంగడి కుర్రోడి దగ్గరున్న డీవీడీలోంచి దిగింది. దిగీ దిగగానే అతను చేసిన పని అప్‌డేట్లు ఆపేయడం. "అప్‌డేట్ అయితే ఇది దొంగదని తెలిసిపోతాది సార్, దాని జోలికి మాత్రం పోవద్దండి" అని మా సారుకు చెప్పి పంపాడు. పుత్తూరు బస్సులో సారు ఒళ్ళో మానిటర్, కాళ్ళ సందున నేను. వడమాలపేటలో దిగాం.

సారు హైస్కూల్లో సోషల్ టీచరు. నాతో ఆయనకు పని ప్రశ్నపత్రాలు, జీతం లెక్కలు. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే పెద్దోడికి సినిమాలు. నెట్ ఎప్పుడో ఒకసారి, డాంగిల్ పెడితే వచ్చేది. కాబట్టి నాకు రోగాలన్నీ పెన్‌డ్రైవ్ మోసుకొచ్చినవే.

ఒకసారి సారు పరీక్ష పేపర్లు ప్రింట్ తీయించడానికి జిరాక్స్ సెంటరుకు వెళ్ళి వచ్చారు. పెన్‌డ్రైవ్ నాకు తగిలిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయి ఉన్నాయి. "పదో తరగతి పేపర్లన్నీ పోయినాయి కదరా" అని తల పట్టుకున్నారు. అవి ఎక్కడికీ పోలేదు. వైరస్ వాటికి 'కనపడొద్దు' అని గుర్తు పెట్టి దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెట్టింది. నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, వెనకాల ఇంకోటీ నడుస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రాం తనంతట తాను నడిచే వీలును విండోస్ 7లో తీసేశారు. అందుకని వైరస్ రాసేవాళ్ళు మనిషి వేలినే పనిలో పెట్టుకున్నారు.

ఆ రాత్రే ఇంట్లో యాంటీవైరస్ పంచాయితీ మొదలైంది. పెద్దోడు ఉచితంగా దొరికే విదేశీది వేద్దామన్నాడు. అంగడి కుర్రోడిది పుణె మాట: క్విక్ హీల్. కాలిక్యులేటర్లు బాగుచేసుకునే కైలాష్ కాట్కర్, తమ్ముడు సంజయ్ కలిసి కట్టిన కంపెనీ అది. సారు స్నేహితుడైన లెక్కల మాస్టారు మాత్రం "మన పక్కనుండే మద్రాసోళ్ళది ఉండగా పుణె దాకా ఎందుకు సామీ?" అని కే7 పేరు చెప్పారు. కేశవర్ధనన్ అనే ఆయన 1990ల మొదట్లో చెన్నైలో పెట్టిన కంపెనీ. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. కానీ నా ర్యామ్ ఎంతో ఒక్కరూ అడగలేదు.

చివరికి ఏమైందంటే, ఏడాదికి డబ్బు కట్టడం ఎందుకని పెద్దోడు ఒక పెద్ద యాంటీవైరస్‌ను క్రాక్‌తో సహా దించాడు. దాంతో వచ్చిన సూచనల్లో మొదటి వాక్యం: క్రాక్ వేసే ముందు యాంటీవైరస్‌ను ఆపండి. కావలివాణ్ణి పెట్టుకోవడానికి తలుపులు తీసి, దీపం ఆర్పి కూర్చోమన్నట్టు. నేను అరవలేను కదా, అరిచే దాన్నే ఆపేశారు మరి. కొన్నాళ్ళకు బ్రౌజర్ తెరిస్తే ఎవరిదో వెతుకుడు పేజీ రావడం మొదలైంది. పెద్దోడు దాని మీద ఇంకో ఉచిత యాంటీవైరస్ ఎక్కించాడు. ప్రతి ఫైలూ తెరిచే ముందు రెండూ చూడాలంటాయి. ఒకటి దాచిపెట్టిన అనుమానపు ఫైలును రెండోది పట్టుకుని గోల చేస్తుంది. 2 జీబీల్లో ఇద్దరూ కాపురం పెడితే నాకు మిగిలేదెంత? సారు వర్డ్ నొక్కి, పోయి కాఫీ తాగి వచ్చేవారు. నెమ్మదైపోవడం వైరస్ వల్లనేనని అందరూ అనుకున్నారు.

"ఇది నిజంగా పనిచేస్తా ఉండాదా?" అని సారుకు అనుమానం. దానికి పెద్దోడు చూపించిన పరీక్ష నాకు నచ్చింది. ఐకార్ అనే యూరోపియన్ సంస్థ ఇచ్చిన 68 అక్షరాల వరుస ఒకటుంది. హాని ఏమీ చేయదు. నోట్‌ప్యాడ్‌లో రాసి దాచితే యాంటీవైరస్ అన్నది ఏదైనా దొంగ దొరికాడని కేక వేయాలని ఒప్పందం. క్రాక్ వేసింది నోరు విప్పలేదు, ఉచితానిది కేక వేసింది. క్రాక్‌ది ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. అయితే ఆ పరీక్ష కావలి మేలుకుని ఉందో లేదో మాత్రమే చెబుతుంది. తెలిసిన దొంగల ఆనవాళ్ళ జాబితా దగ్గరుంటేనే వీళ్ళు ఎక్కువగా పట్టుకునేది. కొత్తవాడు వచ్చిన మొదటి గంటల్లో తడబడడం మామూలే.

2017 మే 12న అలాంటి కొత్తవాడే వచ్చాడు, వానాక్రై. ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు, నెట్‌వర్క్ మీద ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి తానే పాకుతాడు. ఫైళ్ళకు తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్లలో ఇమ్మంటాడు. అప్పటి మన చిత్తూరు జిల్లాతో సహా ఆంధ్రప్రదేశ్‌లో కొన్నిచోట్ల పోలీసు కంప్యూటర్లు చిక్కుకున్నాయి. తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం ఆఫీసుల్లో కొన్నిటికీ తగిలింది. భక్తుల సేవలు మాత్రం ఆగలేదు. పేపరు చదివి సారు హడలిపోయారు: "ఏడుకొండలవాడి కంప్యూటర్లకే దిక్కులేదు, మనదెంత?"

ప్రపంచమంతటా ఎక్కువగా దెబ్బతిన్నవి నాలాంటి విండోస్ 7 మెషీన్లే. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే ఇచ్చింది. నాకు అది రాలేదు. అంగడి బల్ల మీదే నాకు అప్‌డేట్లు ఆపేశారు కదా. పుణెదా, మద్రాసుదా అని ఇంట్లో అన్నేళ్ళు వాదించుకున్నారు గానీ ఆ ఒక్క మీట సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ వారం డాంగిల్‌కు రీచార్జ్ లేదు, బతికిపోయాను. అంతే తప్ప నా గొప్పేమీ లేదు. సారు ఆ నెలలోనే అసలు విండోస్ కొన్నారు, అప్‌డేట్లు తెరిపించారు.

విండోస్ 7కు అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. సారు లాప్‌టాప్ కొన్నారు. "దీనికి ఏ యాంటీవైరస్ వేద్దాం?" అని ఫోన్‌లో అడిగితే, "దాంట్లోనే ఉంది నాయనా, డిఫెండర్. వేరేది వేస్తే అది పక్కకు తప్పుకుంటాది, వద్దు" అన్నాడు పెద్దోడు. ఊరికే వచ్చినదాని మీద సారుకు నమ్మకం కుదరలేదు. యాంటీవైరస్ కోసం పక్కన పెట్టిన డబ్బుతో బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొన్నారు. ఫైళ్ళు అందులోకి రాసుకోగానే పీకి బీరువాలో పెడతారు, ఎందుకంటే తగిలించి ఉంటే దానికీ తాళం పడుతుందని పెద్దోడు చెప్పాడు. నన్నడిగితే ఇన్నేళ్ళలో ఇంట్లో పెట్టిన మంచి ఖర్చు అదే.

నన్ను పారేయలేదు. పాత ప్రశ్నపత్రాలన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి, అవి లాప్‌టాప్‌లో సరిగ్గా తెరుచుకోవు. అందుకని నెట్ లేకుండా మూల బల్ల మీద ఉన్నాను. చుట్టుపక్కల టీచర్లు పాత పేపరు కోసం పెన్‌డ్రైవ్ పట్టుకొస్తే సారు వాళ్ళను గుమ్మంలోనే ఆపుతారు: "ముందు లాప్‌టాప్‌లో పెట్టి స్కాన్ చేద్దాం ఉండండి. ఇది ముసలిది, దీనికి అంటిస్తే మందిచ్చేవాళ్ళు లేరు."