నేరం ఎర్త్‌ది, శిక్ష నాది

మీరు కారులో కూర్చుని తాళం తిప్పగానే, ఇంజన్ ఇంకా కదలకముందే, వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు సన్నటి రొద ఒకటి వినిపిస్తుంది. అది నేను. చాలామంది వినరు. విన్నవాళ్లూ పట్టించుకోరు. అది వినిపించని రోజున మాత్రం బానెట్ ఎత్తి నలుగురు చుట్టూ మూగుతారు. అప్పుడూ నేనున్నది వెనకాల అని చాలామందికి తెలియదు.

నేను పెట్రోలు పంపును. కరెంటుతో నడిచేదాన్ని. ఎక్కడ పుట్టానో, ఎవరు బిగించారో చెప్పుకునేంత గొప్ప కథేం లేదు. ఫ్యాక్టరీలో నాలాంటివి వేలల్లో పుడతాయి. నా బతుకు మొదలైంది 2005లో, హైదరాబాదు తార్నాకలో కాపురముండి ఉస్మానియా క్యాంపస్‌లో వృక్షశాస్త్రం చెప్పే ఒక మేడమ్ కొన్న చిన్న కారులో. మాకు ముందు అంబాసిడర్లు, పద్మినిలలో ఇంజన్ పక్కన తగిలించిన పంపు ఒకటి ఉండేది. దాన్ని ఇంజనే తోసేది. దానికి వైరూ లేదు, రిలే లేదు, తలనొప్పీ లేదు. కార్బురేటర్లు పోయి, కొలిచి చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాక ఆ పాతకాలపు తోపు చాలలేదు. ఇంజెక్టరు దగ్గర దాదాపు 3 బార్ల ఒత్తిడి ఎప్పుడూ ఉండాలి. దాన్ని నిలబెట్టే ఉద్యోగం నాది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక బైకులకూ, స్కూటర్లకూ మావాళ్లే దిక్కయ్యారు. ఇప్పుడు క్యాంపస్ హాస్టళ్ల ముందు బళ్లు స్టార్టు చేసే పిల్లలు వినేది మా చిన్న తమ్ముళ్ల గొంతులే.

నా ఇల్లు ట్యాంకు లోపల. పెట్రోలులో మునిగి, నిప్పురవ్వలు రాల్చే మోటారును తిప్పుకుంటూ ఉంటానంటే భయపడేవాళ్లున్నారు. అక్కడ మంట అంటుకోవడానికి కావలసినంత గాలి ఉండదు, అంతే. పెట్రోలు నా ఒంట్లోంచే పారుతుంది, నా బ్రష్షులనీ బేరింగులనీ చల్లబరుస్తుంది. అందుకే ట్యాంకు ఖాళీగా ఉంచడమంటే నాకు ఒళ్లు మండుతుంది. మామూలు మాటగా అనడం లేదు, నిజంగానే మండుతుంది. మేడమ్‌కి ఇంటి నుంచి కాలేజీకి రెండు మూడు కిలోమీటర్లే. "అంత దూరానికి ట్యాంకు నింపడమెందుకు" అని ప్రతిసారీ అయిదు వందలకి పోయించుకునేవారు. రిజర్వు లైటు ఎర్రగా వెలుగుతూంటే, ట్యాంకు అడుగున మిగిలిన మురికి పీలుస్తూ నేను తిరిగేదాన్ని. మెట్రో పనులకి తార్నాక రోడ్డు తవ్వి, స్తంభాలు లేచిన ఏళ్లలో మండుటెండలో గంటల తరబడి ఒకటో గేరులో పాకేవాళ్లం. ఆ మిగిలిన గుక్కెడు పెట్రోలూ వేడెక్కిపోయేది. అయినా ఆగలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం గొప్పగా ఉంటుందనీ, 1939లో నిజాం దాన్ని ప్రారంభించాడనీ, ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి గీశాడనీ మేడమ్ బంధువులకి చెబుతుంటే విన్నాను. నేను చూడలేదు. ట్యాంకుకి కిటికీలుండవు. దాని ముందు రోడ్డు నాకు తెలిసింది స్పీడ్ బ్రేకర్ల లెక్కనే.

2017 నవంబరు 28న నాగోలు నుంచి మియాపూర్ దాకా మెట్రో మొదలైంది. మేడమ్ అమీర్‌పేటలో చెల్లెలింటికి రైలెక్కి వెళ్లడం నేర్చుకున్నారు. నా పని కాలేజీ దాకానే మిగిలింది. ఆ పైన 2020 మార్చిలో లాక్‌డౌన్. యూనివర్సిటీ మూశారు. కారు అపార్టుమెంటు పక్కన వేపచెట్టు కింద నిలబడిపోయింది. నెలలు గడిచాయి. నిలవున్న పెట్రోలు మెల్లగా చిక్కబడి, జిగురై, నా జల్లెడని పట్టుకుంది. ఎవరైనా వచ్చి వారానికోసారి తాళం తిప్పినా నాకు చాలేది. మేడమ్‌ని ఏమనలేను, అప్పుడు మనుషులే గడప దాటలేదు. కానీ అక్టోబరులో కురిసిన ఆ వానని మాత్రం మరిచిపోలేను. 13వ తేదీ రాత్రి హైదరాబాదు మునిగింది గుర్తుందా? ఎండకి పగిలిన డోరు రబ్బర్లలోంచి నీళ్లు కారు లోపలికి దిగాయి. వెనక సీటు కింద కార్పెట్టు తడిసి, చాలా రోజులు తడిగానే ఉండిపోయింది. అక్కడే బాడీ రేకుకి బిగించిన ఒక బోల్టు ఉంది. నాకొచ్చే కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి అదే. మెకానిక్కులు దాన్ని ఎర్త్ అంటారు.

నా కథలో అసలు ముద్దాయి ఆ బోల్టే. ఎవరూ దాని పేరు ఎత్తలేదు.

వాన తరవాత కారు మొండికేయడం మొదలెట్టింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్టయ్యేది. మధ్యాహ్నం అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే దగ్గేది, కుదుపులిచ్చేది, ఒక్కోసారి నడిమధ్యలో ఆగిపోయేది. పావుగంట వదిలేస్తే మళ్లీ బుద్ధిగా కదిలేది. తార్నాకలో ఒక సందులోని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లారు. అతను తాళం తిప్పాడు, సీటు మీద చెవి పెట్టాడు, లేచి దులుపుకున్నాడు.

"మేడమ్, పంపు పోయింది. కొత్తది ఏస్కోవాలె."

అంతే. విచారణ లేదు, సాక్షి లేడు. మీటరు లేదు, కనీసం బల్బు కూడా పెట్టి చూడలేదు. పంపు ఖరీదైన సామాను, వైరు చవక. ఖరీదైనదాని మీద నేరం మోపితే బిల్లు బాగుంటుందని నేననను. అలవాటు అయి ఉంటుంది. సీటు లేపి, రేకు తీసి, నన్ను బయటికి లాగి పాత బట్టలో పడేశాడు. మేడమ్ పాతకాలం మనిషి. "పాత సామాను నాకు తిరిగి ఇచ్చేయండి" అన్నారు. అలా నేను ప్లాస్టిక్ కవర్లో చుట్టబడి డిక్కీలో, జాకీ పక్కన పడ్డాను. నా స్థానంలో వచ్చిన కొత్తదాన్ని అక్కణ్ణుంచే వినేదాన్ని. కొన్నాళ్లు హుషారుగా తిరిగింది. తరవాత, మళ్లీ అదే ఫ్లైఓవర్ మీద, దాని గొంతు కూడా కిందికి జారింది. అచ్చం నాలాగే. నవ్వొచ్చిందంటే తప్పుగా అనుకోకండి.

రెండోసారి వెళ్తే మెకానిక్కు ఇంకో విద్య చూపించాడు. "కంప్యూటర్ వైర్లలో గడబిడ ఉంది, డైరెక్ట్ ఇచ్చేస్తా" అన్నాడు. పంపుకొచ్చే వైరు కత్తిరించి, తోలు ఒలిచి, స్టీరింగు కింద నుంచి లాగిన సన్నటి వైరుతో మెలిపెట్టి, టేపు చుట్టాడు. తాళం పెట్టి ఉన్నంతసేపూ పంపు తిరుగుతూనే ఉంటుంది. ఈ పనికి నా బదులు మీకు కోపం రావాలి. తాళం తిప్పాక నేను రెండు సెకన్లే ఎందుకు తిరిగి ఆగుతానో ఎప్పుడైనా ఆలోచించారా? ఇంజన్ తిరుగుతోందని సెన్సరు కబురు చెబితేనే కారు కంప్యూటరు నా కరెంటు స్విచ్చుని, అంటే రిలేని, మళ్లీ పట్టిస్తుంది. కారు దేన్నైనా గుద్దుకుని ఇంజన్ ఆగిపోతే కబురు ఆగుతుంది, నేనూ ఆగుతాను. డైరెక్ట్ ఇచ్చిన పంపు మాత్రం ఆగదు. పైపు తెగి ఉన్నా పెట్రోలు తోస్తూనే ఉంటుంది, వేడి ఇంజన్ మీదికి. ఇంత చేసినా కారు బాగుపడిందా అంటే, ఆ వేసవిలో మూడు రోడ్ల కూడలిలో ఆగి ట్రాఫిక్ పోలీసు చేత తోయించుకుంది.

అప్పుడు ఎవరో చాచా పేరు చెప్పారు. కార్ల కరెంటు పని చేసే ముసలాయన. మెకానిక్కు సందులోనే, నాలుగు షట్టర్ల అవతల. అందరూ చాచా అనే పిలుస్తారు. ఆయన ముందు కారుని ముట్టుకోలేదు, మేడమ్‌ని అడిగాడు: ఎప్పుడు ఆగుతది, ఎండలోనా, వానలోనా, ఎక్కుడులోనా? డిక్కీలోంచే ఆ ప్రశ్నలు విని నా ప్రాణం లేచొచ్చింది.

ఫ్యూజు తీసి చూశాడు, బాగుంది. రిలేని పీకి పక్కనున్న హారన్ రిలేతో మార్చాడు, రెండూ ఒకటే సైజువి. తేడా లేదు, హారనూ మోగింది. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు చూసి మాత్రం నాలుక చప్పరించాడు. ముందు దాన్ని విప్పి, పాత వైరుని పాత చోటికే కలిపాడు. సీటు లేపాడు. పంపు ప్లగ్గు ఊడదీసి మీటరు పెడితే 12.4 వోల్టులు. బ్యాటరీలో ఎంతుందో అంతే. పక్కనున్న కుర్రాడు, "కరెంటు ఫుల్లుగా వస్తుంది చాచా, పంపే ఖరాబు" అన్నాడు. వాడి మీద కోపం రాలేదు. ఆ మాట అనేవాళ్లు ఊరినిండా ఉన్నారు.

"లోడు లేకుండ చూస్తే ఒక్క పోగు మిగిలినా పన్నెండు చూపిస్తది బేటా" అన్నాడు చాచా. హెడ్‌లైటు బల్బు ఒకటి తెచ్చాడు, 55 వాట్లది. నేను లాగే కరెంటూ, అది లాగే కరెంటూ ఇంచుమించు ఒకటే. ప్లగ్గుకి ఆ బల్బు తగిలించి, రిలే పట్టేట్టు చేసి, మళ్లీ కొలిచాడు. నా వేషం కట్టిన ఆ బల్బు పాలిపోయి, పచ్చగా, నీరసంగా వెలిగింది. 9.2 వోల్టులు.

మిగిలిన మూడు వోల్టులూ ఎక్కడ పోయాయి? ముందు రానుపోను దారిలో రాకడ చూశాడు. మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్సు మీద, రెండోది ప్లగ్గులో ప్లస్సు మీద. 0.3. పరవాలేదు. తరవాత పోకడ. ఒక కొస ప్లగ్గులోని నల్ల వైరు మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద. అక్కడ ఒక పిసరు, 0.1, 0.2 ఉండాలి. 2.9 చూపించింది. ముద్దాయి దొరికాడు. కార్పెట్టు ఎత్తితే బోల్టు చుట్టూ తుప్పు పొరలు, వైరు కొసన ఉన్న థింబుల్ ఆకుపచ్చగా మారి, దాని ప్లాస్టిక్ తొడుగు మాడి గోధుమరంగుకి వచ్చింది. 2.9 వోల్టులు, 4 ఆంపియర్లు, అంటే 12 వాట్ల వేడి ఎప్పుడూ అక్కడే మరుగుతోందన్నమాట. మీ పడకగదిలో రాత్రంతా వెలిగే జీరో బల్బు కూడా ఇంచుమించు అంతే తింటుంది. వేడెక్కేకొద్దీ ఆ తుప్పు అతుకు ఇంకా పాడవుతుంది, నాకొచ్చే వోల్టేజీ ఇంకా పడుతుంది, నా వేగం తగ్గుతుంది, ఒత్తిడి జారుతుంది. ఎక్కుడులో ఇంజన్ పెట్రోలు ఎక్కువ అడిగినప్పుడు ఇవ్వలేను. పావుగంట చల్లారితే మళ్లీ కదులుతాం. పొద్దున, మధ్యాహ్నం, ఫ్లైఓవరు, అన్నీ ఆ ఒక్క బోల్టుతో తేలిపోయాయి.

"పంపుకు తిండి పెట్టకుండ పని చెయ్యమంటే ఎట్ల చేస్తది మేడమ్?" అన్నాడు చాచా. నన్ను ఎవరూ అంత బాగా అర్థం చేసుకోలేదు.

బ్యాటరీ మైనస్ విప్పాడు. సీటు కింద పెట్రోలు ట్యాంకు ఉన్నచోట నిప్పురవ్వ పుడితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. కుర్రాణ్ణి, వాడి బీడీతో సహా, దూరంగా నిలబెట్టాడు. రేకుని మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, కొత్త థింబుల్ పిండి, కొత్త బోల్టు బిగించి, గ్రీజు పూశాడు. మెకానిక్కు తెంపిన వైరు ఎలాగూ బలహీనపడింది కాబట్టి పంపుకి వేరే దారి వేశాడు. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కణ్ణుంచి కొత్త రిలే 30వ కాలికి. 87 నుంచి పంపుకి. కంప్యూటరు పంపే పాత వైరుని 86కి, ఎర్త్‌ని 85కి. కంప్యూటరు కబురిస్తేనే రిలే పడుతుంది, లేకపోతే లేదు. ఆ స్టీరింగు కింద సన్న వైరుని చుట్టచుట్టి చెత్తబుట్టలో వేశాడు. మళ్లీ కొలిస్తే పంపు దగ్గర 12.1.

ఆ తరవాతే నా సంగతి వచ్చింది. చాచా కవరు విప్పి నన్ను బ్యాటరీకి ఒక్క క్షణం తగిలించాడు. ఎండిపోయి ఉన్నాను కాబట్టి అంతకు మించి తిప్పకూడదు. జుయ్యిమన్నాను. మేడమ్ ముఖంలో రంగు మారింది. "బాగానే ఉందా! మరి ఇదే పెట్టేద్దామా?" అన్నారు. చాచా తల అడ్డంగా ఊపాడు: లోపల ఉన్నదీ మంచిదే, మళ్లీ ట్యాంకు తెరిస్తే కొత్త రబ్బరు రింగు కావాలి, ఎందుకు? నేను కాదనలేకపోయాను. మేడమ్ డబ్బులిచ్చి, నన్ను ఆయన బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయారు. నిర్దోషినని తేలింది, ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.

చాచా నా జల్లెడ మార్చి, జిగురు కడిగి, పాత స్పీకర్ల పక్కన పెట్టాడు. చాలాకాలం అక్కడే ఉన్నాను. ఒకరోజు నాలుగు షట్టర్ల అవతల నుంచి ఆ మెకానిక్కు దగ్గర పనిచేసే కుర్రాడు వచ్చాడు. "చాచా, ఆ పంపు ఇస్తవా? గిరాకీ బండి ఆగింది. పంపు పోయింది."

"ముందు ఎర్త్ చూసిండ్రా?"

"చూస్తంలే చాచా."

ఇప్పుడు హబ్సిగూడలో ఎవరిదో కారు వెనక సీటు కింద ఉన్నాను. నాకు శిక్ష వేసినవాడే నన్ను బిగించాడు, "మంచి కండిషన్ పీస్" అని కారు యజమానికి చెప్పి డబ్బు కూడా తీసుకున్నాడు. ట్యాంకు సగం నిండి ఉంది, పెట్రోలు తాజాగా ఉంది. ఎర్త్ చూశారా అంటారా? నాకు పది వోల్టులే అందుతున్నాయి.