పోలార్ సారు

మార్కాపురంలో గానీ గిద్దలూరులో గానీ ఏ జూనియర్ కాలేజీ వీధిలో నిలబడినా ఒక పోలార్ సారు తగులుతారు. జేబులో సుద్దముక్క, చంకలో పరీక్ష పేపర్ల కట్ట, నోట్లో హైడ్రోజన్ బంధం. పలకల సీమ కాబట్టి రాసుకోవడానికి ఆయనకు లోటు లేదు, కరువల్లా నీళ్లకే.

హోటల్లో గ్లాసుడు నీళ్లు పెడితే వెంటనే తాగరు.

"ఏందిది?"

"నీళ్లు సార్."

"వంగిన అణువు అనాలబ్బాయ్! 104.5 డిగ్రీలు!"

ఆక్సిజన్ ఎలక్ట్రోనెగెటివిటీ 3.5, హైడ్రోజన్‌ది 2.1, అందుకని ఎలక్ట్రాన్ల జంట ఆక్సిజన్ వైపు జరుగుతుందని, అటు కాస్త రుణావేశం, ఇటు కాస్త ధనావేశం చేరతాయని, పోలార్ అణువంటే అదేనని తడివేలితో బల్లమీద గీసి చూపిస్తారు. "కార్బన్ డయాక్సైడ్‌లోనూ ఆక్సిజన్లు రెండున్నాయి గదా సార్?" అని అడిగినవాడి దోసె చల్లారినట్టే. ఆ అణువు తిన్నగా ఉంటుంది గనక రెండువైపులా లాగుడు చెల్లుకు చెల్లని, ద్విధ్రువ భ్రామకం సున్నా అని ఒప్పుకునేదాకా లేవనివ్వరు.

పెళ్లి భోజనాల్లో ఇంకా ప్రమాదం. "హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు బరువైనది, అయినా మైనస్ 60 దగ్గరే మరుగుతుంది. తేలికపాటి నీటికి 100 డిగ్రీలు కావాలి. ఎందుకు?" సాంబారు గరిటె గాల్లో ఆగిపోతుంది. "నీటి అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి గనక! అవే హైడ్రోజన్ బంధాలు!" వెనక బంతివాళ్లకు అన్నం అందదు.

ఇంట్లో మాత్రం ఈ పాఠం సాగదు. "వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు సరే, కనీసం ట్యాంకరు ఎప్పుడొస్తదో చెప్తాయా మీ అణువులు?" అంటుంది ఇల్లాలు. సారు రెండు ధ్రువాలూ మూసుకుని బిందె అందుకుంటారు.

ఒక్క విషయంలో ఆయనకు ఎదురులేదు. "బోరు నీళ్లు కాచి తాగుతున్నాం సార్, ఇంక ఫ్లోరైడ్ ఏం చేస్తది?" అంటే ఆయన మొహంలో నవ్వు పోతుంది. రుణావేశమున్న ఫ్లోరైడ్ చుట్టూ నీటి అణువులు హైడ్రోజన్ కొసలతో మూగుతాయి. అలా కరిగిపోయినది కంటికి కనపడదు, గుడ్డతో వడగడితే ఆగదు. కాస్తే నీళ్లు ఆవిరై పోతాయి, ఫ్లోరైడ్ మిగిలిన నీళ్లలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్లతరబడి తాగితే పళ్లకూ ఎముకలకూ ముప్పు.

ఈ మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీటికి ఆ జబ్బుంది. కాబట్టి పోలార్ సారు ఎదురైతే పక్క సందులోకి తప్పుకున్నా తప్పులేదు. ఫ్లోరైడ్ మాటెత్తితే మాత్రం నిలబడి, ఆసాంతం విని వెళ్లండి.