మిర్చియార్డులో పుట్టిన గామా

ఈ కథ చెబుతున్నది గుంటూరు మిర్చియార్డులో పుట్టిన ఒక గామా ఫోటాన్. ‘నేను’ అనుకునేంత ఆయుష్షు దానికి లేదు. సెకనులో వందకోట్లో వంతు బతికితే గొప్ప. అందుకే తన సంగతి తానే పరాయిదానిలా చెప్పుకుపోతోంది.

దాని తల్లి పొటాషియం-40. భూమి పుట్టకముందే తయారైన పరమాణువు, అర్ధాయువు సుమారు 125 కోట్ల ఏళ్లు. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో ఉంటే మిరప వేరు పీల్చుకుంది. కాయతోపాటు టిక్కీలోకి, అంటే మిర్చి బస్తాలోకెక్కి యార్డుకొచ్చింది. ఒక గ్రాము పొటాషియంలో సెకనుకు 31 దాకా ఇలాంటి పరమాణువులు క్షయమవుతాయి. పదింట తొమ్మిదికి దగ్గరగా కాల్షియంగా మారతాయి, అక్కడ గామా ఊసే లేదు. ఈ తల్లి మాత్రం తన ఎలక్ట్రాన్‌నే మింగి ఆర్గాన్-40 అయింది, మిగిలిన శక్తిని గామాగా విదిలించింది. మనం పీల్చే గాలిలోని ఆర్గాన్ దాదాపు అంతా ఇలా వచ్చిందే. కారానికీ దీనికీ సంబంధం లేదు, అరటిపండులోనూ జరిగేది ఇదే.

పుట్టుకతో వచ్చిన ఆస్తి 1.461 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ప్లాంక్ స్థిరాంకం, కాంతివేగాల లబ్ధమైన 1.24ను (ఈ ప్రమాణాల్లో) దానితో భాగిస్తే తరంగదైర్ఘ్యం 0.849 పికోమీటరు.

పక్కనే లారీ. దాని బ్యాటరీలో సీసం పలకలు. అక్కడికి చేరిన గామాల్లో చాలావరకు ఎలక్ట్రాన్లను ఢీకొని చెదిరిపోతాయి. ఇది మాత్రం ఒక సీసం కేంద్రకం పక్కన మాయమై ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారింది. 1932లో ఆండర్సన్ పాజిట్రాన్‌ను పట్టుకున్నాక, మరుసటి ఏడాది బ్లాకెట్, ఒక్కియాలినీ ఇలాంటి జంటల జాడలను మేఘపేటికలో చూపించారు.

జంట పుట్టాలంటే ఒక్కో కణం ద్రవ్యరాశికి 0.511 చొప్పున, కనీసం 1.022 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అంటే తరంగదైర్ఘ్యం 1.213 పికోమీటర్లకు మించకూడదు. ఇంటర్ పిల్లలు తడబడేది ఇక్కడే: శక్తి ‘కనీసం’ అయితే, తరంగదైర్ఘ్యం ‘గరిష్ఠం’. మిగిలిన 0.439 జంటకు చలనశక్తి. ప్రశ్నపత్రం దాన్ని చెరిసగం చేసి 0.2195 అంటుంది, ప్రకృతి అలా పంచుతానని మాట ఇవ్వలేదు. ఇంకో సంగతి, ద్రవ్యవేగాన్ని సర్దడానికి పక్కన కేంద్రకం ఉండితీరాలి. ఉత్త శూన్యంలో ఎంత శక్తి ఉన్నా ఒంటరి ఫోటాన్‌కు ఈ పని సాధ్యం కాదు. లెక్కల పుస్తకాలు ఈ ముక్కను తరచూ మింగేయడం అన్యాయం.

పాజిట్రాన్ ఎక్కువసేపు నిలవలేదు. నెమ్మదించి, మరో ఎలక్ట్రాన్‌తో కలిసి రెండు ఫోటాన్లుగా విడిపోయింది. ఒక్కోటి 0.511, తరంగదైర్ఘ్యం 2.43 పికోమీటర్లు, దాదాపు ఎదురెదురు దిక్కులకు. కొత్త జంటను పుట్టించే శక్తి వీటికి లేదు. ఆసుపత్రుల్లో పెట్ స్కానర్ పట్టుకునేది సరిగ్గా ఇలాంటి 0.511 ఫోటాన్ల జతలనే.