దండిగా పోల్చగ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ఆ.వె.
రెండు పొత్తములను దండిగా పోల్చగ
వంద యాటలాడ నందునేమి?
తెల్ల నల్ల మార్చి పెల్లుగా నాడించు
తప్పు పట్టి తేల్చు తక్కెడదియె.

అవతారిక: చదరంగమాడే కంప్యూటర్ ఇంజన్‌కు తొలి ఎత్తులు బట్టీ పట్టించే ఫైలును ఓపెనింగ్ బుక్ అంటారు. వాటిని సొంత బిడ్డల్లా పెంచి పోషించేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లలో ఒకడు రాత్రి పడుకోబోయే ముందు ఒకే ఇంజన్‌ను రెండు కాపీలుగా తెరుస్తాడు. ఒకదానికి తన బుక్కు, రెండోదానికి పరాయి బుక్కు తగిలించి, వంద ఆటలకు పెట్టి దుప్పటి కప్పుకుంటాడు. తెల్లారి పళ్లయినా తోమకుండా స్క్రీన్ చూస్తాడు. 54-46. ఇక వాణ్ని పట్టలేం. అట్టి పురుషుని ఉద్దేశించి కవి ఈ పద్యమును చెప్పెను.

మూలకర్తా టీకాకర్తా ఒక్కరే కావడం చేత కవిహృదయం కోసం తాళపత్రాలు గాలించే పని తప్పింది. ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మన మెదకు సీమ కొల్చారంవాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటి సగానికి నేనూ కట్టుబడతాను. రెండో సగం కూడా పాటిస్తే ఈ వ్యాఖ్యానం అరపేజీలో ముగుస్తుంది, అది పండితులకు గౌరవం కాదు.

ప్రతిపదార్థం: రెండు పొత్తములను = రెండు ఓపెనింగ్ బుక్కులను, దండిగా = బాగుగా, పోల్చగ = సరిచూడగా, వంద ఆటలు ఆడన్ = నూరు ఆటలు ఆడినంత మాత్రాన, అందును ఏమి = చేతికి ఏమి చిక్కును? తెల్ల నల్ల మార్చి = పక్షాలను తారుమారు చేసి, పెల్లుగా = విస్తారంగా, ఆడించు = ఆడింపుము, తప్పు పట్టి తేల్చు = దోషమును కనిపెట్టి నిర్ణయించునట్టి, తక్కెడ = త్రాసు, అదియె = అదే సుమా. ఇది పైపై అర్థం. ఇక లోపలికి పోదాం.

పొత్తములను: పేరుకు పుస్తకమే గానీ ఇందులో ఒక్క వాక్యం ఉండదు. ఫ్రూట్ అనే ఇంజన్ రాసిన ఫాబియన్ లెతూజే ఏర్పరచిన పాలీగ్లాట్ పద్ధతినే చూడండి. ఒక్కో పద్దుకు 16 బైట్లు. అందులో బోర్డు స్థితికి సంకేతంగా 8, ఆడవలసిన ఎత్తుకు 2, ఆ ఎత్తు తూకానికి 2, అనుభవం మీద నేర్చుకున్నది రాసుకోవడానికి 4. ఆ చివరి నాలుగూ తరచు సున్నాలే. అయినా లెక్కకు పదహారణాల పద్దే.

స్థితి సంకేతం ఎలా పుడుతుందో వింటే అక్షరలక్షలు కట్టిన మన గణకులు సంతోషిస్తారు. పన్నెండు రకాల పావులు, 64 గళ్లు, వెరసి 768. క్యాసిలింగ్ హక్కులకు 4. పక్కదారిన బంటును కొట్టే ఆన్‌పసాన్ నిలువు వరుసలకు 8. ఆడే వంతు ఎవరిదో చెప్పడానికి 1. మొత్తం 781. వీటిలో ప్రతిదానికీ ముందే ఒక పెద్ద సంఖ్యను కేటాయించి ఉంచుతారు. బోర్డు మీద ఉన్నవాటి సంఖ్యలన్నీ తీసి ఎక్స్‌ఆర్ చేస్తే ఆ స్థితి సంకేతం వస్తుంది. పద్దులన్నీ ఆ సంకేతాల వరుసలోనే పేర్చి ఉంటాయి కనుక, సగానికి సగం తోసేసుకుంటూ వెదికితే లక్షల పద్దుల్లోంచి కావలసింది చిటికెలో దొరుకుతుంది. తెల్లవాడు డీ4 బంటును ముందు తోసి సీ4 బంటును తర్వాత తోసినా, వరుస తిరగేసినా, చివరికి బోర్డు ఒకటే అయితే పద్దూ ఒకటే. ఏ దారిన వచ్చావని పొత్తం అడగదు.

ఇచట ఒక విశేషం. క్యాసిలింగ్‌ను ఈ పద్ధతిలో రాజు తన ఏనుగును తానే కొట్టినట్లు రాస్తారు. ఈ1 గడిలోని రాజు హెచ్1 గడికి పోయినట్లు కనబడితే అది స్వజనహత్య కాదు, సంకేతం మాత్రమే. ఈ సంగతి తెలియని ప్రోగ్రామరు మొదటిసారి ఆ పద్దు చదివి తన కోడ్‌లో తప్పు కోసం తెల్లవార్లూ వెదుక్కుంటాడు.

తూకం సంగతి ఇంకా రుచికరం. ఆడేసిన ఆటల్లోంచి పొత్తం తయారు చేసేటప్పుడు ప్రతి ఎత్తుకూ గెలుపుకు రెండు, డ్రాకు ఒకటి చొప్పున కలిపి తూకం కడతారు. ఓటమికి ఏమీ తగ్గించరు. ఒక ఎత్తు వంద ఆటల్లో 30 గెలిచి, 40 డ్రా చేసి, 30 ఓడితే తూకం 100. ఇంకో ఎత్తు పదంటే పది ఆటల్లోనే కనబడి పదీ గెలిస్తే తూకం 20. తూకాన్ని బట్టి చీటీ తీసి ఆడే ఇంజన్, ఆరుసార్లలో సగటున అయిదుసార్లు మొదటిదాన్నే పట్టుకుంటుంది. కాబట్టి మనుషుల ఆటల్లోంచి వండిన పొత్తంలో తూకమంటే మంచితనం కాదు, జనాదరణ. ఇరవయ్యేళ్లు అందరూ ఆడి, ఆ తర్వాత తప్పని తేలిన దారికి అక్కడ ఇంకా పెద్దపీటే ఉంటుంది.

దండిగా: ఈ మాట ప్రాసయతి కోసం వచ్చింది. కవి ఒప్పుకోడు. "దండి" అనగా లావు అనీ, లావు చూసి మోసపోయేవాళ్ల మీద ఇది ఎత్తిపొడుపనీ అతని వాదం. సరే, వాదాన్ని గౌరవిద్దాం. తెల్లవాడికి మొదటి ఎత్తు ఇరవై రకాలు. నల్లవాడి జవాబుతో కలిపి 400. మూడో ఎత్తుకు 8,902. నాలుగో ఎత్తుకు 1,97,281. ఇలా పెరిగే అడవిని ఏ పొత్తమూ నింపలేదు. అయినా మా ఫైలు ఇన్ని మెగాబైట్లంటే మా ఫైలు ఇన్ని గిగాబైట్లని చెప్పుకోవడం ఆగదు.

దీనికి తగిన ఉదాహరణ 1997 మే 11న న్యూయార్క్‌లో దొరికింది. కాస్పరోవ్‌తో ఆరో ఆటకు కూర్చున్న ఐబీఎం వారి డీప్ బ్లూకు గ్రాండ్‌మాస్టర్లు చేత్తో కట్టిన పొత్తంలో ఉన్నవి సుమారు 4,000 స్థితులే. జోయెల్ బెంజమిన్ ముఖ్య కర్త. దాని వెనక 7,00,000 ఆటల్లోంచి తీసిన సారం వేరేగా ఉంది, అది సలహాకు మాత్రమే. కాస్పరోవ్ కారోకాన్ రక్షణ ఎంచుకొని, ఏడో ఎత్తుకు హెచ్ బంటును ఒక గడి ముందుకు తోశాడు. డీప్ బ్లూ గుర్రాన్ని ఈ6 మీద బలిచ్చింది. ఆలోచించి ఇచ్చింది కాదు, పద్దు చూసి ఇచ్చింది. ఆ పద్దును అదే రోజు పొద్దున చేర్చామని, ఆ బృందంలో పనిచేసిన స్పెయిన్ గ్రాండ్‌మాస్టర్ మిగెల్ ఇయెస్కస్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. పందొమ్మిది ఎత్తులకు ప్రపంచ చాంపియన్ చేతులెత్తేశాడు. మ్యాచ్ 3.5-2.5. నాలుగు వేల పద్దుల్లో ఆ రోజుకు పనికొచ్చింది ఒక్కటి. దండి అంటే అదీ.

పోల్చగ: ఈ క్రియలో రెండు పనులు ఇమిడి ఉన్నాయి. లోకులు వాటిని కలిపేస్తారు, కలహమంతా అక్కడే. ఒకే ఇంజన్‌కు రెండు పొత్తాలిచ్చి కొట్లాడిస్తే పొత్తం ఆయుధం. ఏది ఎక్కువ పాయింట్లు తెస్తే అది మంచిది. అట్లా కాక రెండు ఇంజన్లకు ఒకే పొత్తమిచ్చి ఏ ఇంజన్ గట్టిదో చూడబోతే పొత్తం కొలమానం. అప్పుడు తేడాను స్పష్టంగా చూపేదే మంచిది. ఆయుధంగా మేలైనది కొలమానంగా చవట కావచ్చు. రెండు వైపులా తప్పులేని దారులే నింపిన నిర్దోషమైన పొత్తంతో నేటి ఇంజన్లను ఆడించి చూడండి. డ్రా, డ్రా, డ్రా. ఎవరు గొప్పో బ్రహ్మకూ తెలియదు. ఆయుధానికా కొలమానానికా అని ముందుగా అడక్కుండా ఏ బుక్కు మంచిదని అడిగేవాడికి జవాబు చెప్పకూడదని నా అభిప్రాయం.

పూర్వపక్షం: సెకనుకు లక్షల స్థితులు చూసే ఇంజన్‌కు పొత్తమెందుకయ్యా? స్టాక్‌ఫిష్ అనే ఇంజన్‌లో ఒకప్పుడు పాలీగ్లాట్ పొత్తం చదివే సదుపాయం ఉండేది, దాన్నీ తీసేశారు కదా? 

సమాధానం: తీసేశారు, నిజమే. స్పానిష్ ఓపెనింగ్‌ను అది ఎవరూ చెప్పకుండానే కనిపెట్టుకోగలదు. అయినా 2017 చివర్లో ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాం వంద ఆటల్లో 28 గెలిచి, 72 డ్రా చేసి, ఒక్కటీ ఓడకుండా స్టాక్‌ఫిష్‌ను చిత్తు చేసినప్పుడు వచ్చిన ఆక్షేపణల్లో ఒకటి ఏమిటి? పాపం, స్టాక్‌ఫిష్‌కు పొత్తం ఇవ్వలేదని. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసానికి పొత్తమిచ్చి కూడా ఆడించారు. అప్పుడూ గెలుపు ఆల్ఫాజీరోదే. కనుక పొత్తం లేకపోవడం వల్లే ఓడిందనే వాదం నిలవలేదు. నిలిచే వాదం ఇంకొకటుంది. పొత్తం లేకపోతే ఇంజన్ తనకు నచ్చిన ఒకటి రెండు దారులే మళ్లీ మళ్లీ తొక్కుతుంది. నేటి పొత్తం ఇంజన్‌కు తెలివి నేర్పడానికి కాదు, రోజూ అదే ఆట ఆడకుండా చూడడానికి.

వంద యాటలాడ: ఇప్పుడు దుప్పటి కప్పుకున్న పురుషుని దగ్గరికి వద్దాం. 54-46 అనే స్కోరును ఈలో రేటింగ్‌లోకి మార్చితే 28 పాయింట్ల ఆధిక్యం. ఆటల్లో సగం డ్రాలనుకుంటే, వంద ఆటలకు పొరపాటు అటూ ఇటూ 48 పాయింట్లు. అంటే అతని బుక్కు 76 పాయింట్లు మెరుగు కావచ్చు, 20 పాయింట్లు తీసికట్టూ కావచ్చు. చిన్నయసూరి వ్యాకరణంలో బహుళమంటే ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు, ఒకచోట రెండూ, ఇంకొకచోట మరేదో. ఈ 54-46 అచ్చంగా బహుళమే. వెయ్యి ఆటలాడితే పొరపాటు 15కు తగ్గుతుంది, పదివేలాడితే 5కు. పొరపాటును పదో వంతు చేయాలంటే ఆటలు నూరింతలు కావాలి. ఈ లెక్క చెబితే స్నేహాలు పోతాయి.

పైగా వంద అన్నవి నిజంగా వందేనా? ఇరుకు పొత్తంతో, ఒకే త్రెడ్ మీద, ఎత్తుకు ఇన్ని స్థితులని కట్టడి చేసి ఆడిస్తే ఇంజన్ నిన్న ఆడిన ఆటనే ఇవాళా అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. ఒకే ఆట ఏడుసార్లు పడితే అది ఏడు సాక్ష్యాలు కాదు, ఒక సాక్షి ఏడుసార్లు ప్రమాణం చేయడం. స్కోరు చూసే ముందు జంట ఆటలు ఏరి పారేయాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లు తక్కువ.

తెల్ల నల్ల మార్చి: ప్రతి ఆరంభాన్నీ రెండుసార్లు ఆడించాలి, పక్షాలు మార్చి. ఆ జంటకు వచ్చే మొత్తం సున్నా, అర, ఒకటి, ఒకటిన్నర, రెండు, ఈ అయిదింటిలో ఒకటి. ఎవరికి మంచి దారి పడిందన్న అదృష్టం ఇందులో చాలావరకు కొట్టుకుపోతుంది. ఇంత మాత్రం అందరూ ఎరిగినదే.

పెల్లుగా: ప్రాసయతికి వచ్చినా ఈసారి అర్థం కూడా కుదిరింది. స్టాక్‌ఫిష్ మార్పులను పరీక్షించే ఫిష్‌టెస్ట్‌ను 2013లో గారీ లిన్‌స్కాట్ మొదలుపెట్టాడు. లోకంలోని ఔత్సాహికులు తమ కంప్యూటర్లలో మిగిలిన శక్తిని దానికి దానం చేస్తారు. ఒకటి రెండు పాయింట్ల లాభం నిజమా కాదా అని తేల్చడానికి అక్కడ వేలు, పదివేల ఆటలు మంచినీళ్ల ప్రాయం.

తప్పు పట్టి తేల్చు తక్కెడ: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ఆరంభం మరీ సమంగా ఉంటే రెండాటలూ డ్రా, జంటకు ఒకటి. మరీ ఏటవాలుగా ఉంటే ఎవరు తెల్లయితే వాళ్లే గెలుస్తారు, ఒకటి ఒకటి. అదీ తేల్చేది లేదు. ఈ రెంటి నడుమ, తెల్లవాడు గెలుస్తాడో నల్లవాడు తప్పించుకుంటాడో చెప్పలేని అంచు ఒకటుంది. అక్కడ నల్లవాడు చిన్న తప్పు చేస్తే ఆట పోతుంది, తెల్లవాడు చిన్న తప్పు చేస్తే గెలుపు జారుతుంది. మనుషులు ఆడిన ఆటల్లోంచి ఇటువంటి ఒకవైపు ఒరిగిన ఆరంభాలనే ఏరి స్టెఫాన్ పోల్ కూర్చిన పొత్తాలకు యూహెచ్‌ఓ అని పేరు. ఫిష్‌టెస్ట్ వారు కూడా ఇటీవలి సంవత్సరాల్లో ఆ దారికే వచ్చారు. అంటే మంచి పొత్తమని ఇప్పుడు కొలిచేవాళ్లు మెచ్చేది, మంచి ఇంజన్ తనంతట ముట్టనైనా ముట్టని ఆరంభాల మూట.

దీని మీద ఛాందసులు మండిపడతారు. టాప్ చెస్ ఇంజన్ చాంపియన్‌షిప్ సూపర్‌ఫైనల్‌లో వంద ఆటలు, యాభై ఆరంభాలు, ఒక్కోటి రెండు పక్షాల నుంచీ. ఎన్నో సీజన్లకు ఆ ఆరంభాలను ఏరినవాడు డచ్ పుస్తకకర్త జెరూన్ నోమెన్. రెబెల్, రిబ్కా అనే ఇంజన్లకు గెలిచే పొత్తాలు కట్టిన చెయ్యి అది. ఆ చేత్తోనే ఇప్పుడు గెలుపోటములు తేలే పొత్తం కట్టవలసి వచ్చింది. ఇంజన్ తనంతట ఎన్నడూ దిగని గుంటలో దాన్ని బలవంతాన దింపడం అన్యాయమని ఆక్షేపణ. నా మటుకు నాకు అదే కనులపండుగ. సమస్థితిలో నూట ఇరవై ఎత్తులు గుర్రాన్ని అటూ ఇటూ తిప్పడం కంటే, కింగ్స్ ఇండియన్‌లో మెడదాకా మునిగిన నల్లరాజు ఒడ్డెక్కుతాడా లేదా అని కూర్చుని చూడడంలో రసముంది. సమస్యాపూరణంలో కూడా అవధానికి సులువైన సమస్య ఇస్తే సభ ఆవులించదూ?

అదియె: పాదపూరణం. తక్కెడలోని డకారం ఆఖరి సూర్యగణంలో ఒంటరిగా మిగిలిపోతే దానికి రెండు లఘువులు తోడు కావలసి వచ్చాయి. కవి దీనికీ ఒక వాదం తయారు పెట్టుకున్నాడు గానీ, టీకాకర్త వినదలచుకోలేదు.