పదమూడు వందల తప్పుల కంప్యూటరు

నిమ్మకాయల సీజన్లో గూడూరు మండీ గుమాస్తాకు కంప్యూటరు మొరాయించడం కంటే పెద్ద విపత్తు లేదు. బయట లోడుకు లారీ నిలబడి ఉంటుంది, బల్ల ముందు రైతు పట్టీ కోసం కూర్చుని ఉంటాడు, తెర మీద మాత్రం చుక్కలు తీరిగ్గా ప్రదక్షిణలు చేస్తుంటాయి. సరిగ్గా ఆ ఘడియలోనే తెర మూలన ఒక ఆపద్బాంధవుడు ప్రత్యక్షమవుతాడు. "మీ కంప్యూటరులో 1,300 తప్పులున్నాయి, వెంటనే శుభ్రం చేయండి" అని ఎర్ర అక్షరాల్లో అరుస్తాడు. గుమాస్తా గుండె జారిపోయి రిపేరు కుర్రాడికి కబురు పెడతాడు.

"ఏందబ్బయ్యా ఇది, పదమూడు వందలంట!"

"రిజిస్ట్రీలో చెత్త పేరుకోనుండాది అన్నా. ఈ క్లీనర్ ఒక్కసారి కొడితే చాలు, జోరుగా లేస్తాది."

"డబ్బులేమన్నా కట్టాల్నా?"

"చూపించేదానికి ఫ్రీ అన్నా. తీసేదానికే డబ్బులు."

ఈ వ్యాపారం మొత్తం ఆ కుర్రాడి చివరి మాటలో ఉంది. తప్పులు ఎన్ని దొరికితే అంత గిరాకీ అయినప్పుడు, వెతికేవాడికి ఒక్క తప్పూ దొరకని రోజు వస్తుందా? కొత్త విండోస్ వేసి, పెట్టె సీలు విప్పిన వాసన పోకముందే ఈ స్కానరు నడిపించి చూడండి. అక్కడా నాలుగైదు డజన్ల నేరాలు మోపుతుంది.

ఇంతకీ ఆ రిజిస్ట్రీ ఏమిటి? 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలై, విండోస్ 95తో సంసారం పెంచుకున్న లెక్కల పుస్తకం. ఏ ఫైలును ఏ ప్రోగ్రాము తెరవాలి, ప్రింటరు ఏ తీగకు తగిలించి ఉంది, వాడే మనిషి గోడ మీద ఏ దేవుడి బొమ్మ పెట్టుకున్నాడు, అన్నీ అందులో లక్షల పద్దులుగా ఉంటాయి. ప్రోగ్రాములు వెళ్లిపోతూ కొన్ని పద్దులు వదిలేసి పోతాయి, నిజమే. వాటి వల్ల వచ్చే నష్టం మన ఊరి బోర్డులను చూస్తే తెలుస్తుంది. 2022 ఏప్రిల్లో గూడూరును నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. సగం దుకాణాల బోర్డుల మీద నెల్లూరు జిల్లా అనే ఉండిపోయింది. అందువల్ల ఏ షాపులోనైనా బేరం మందగించిందా? తర్వాత తిరిగి నెల్లూరులోకే అన్న మాట ఊళ్లో నలగడం చూశాక, పెయింటరును పిలవనివాడే తెలివైనవాడు అనిపించింది.

లెక్క కూడా చూద్దాం. ఒక్కో పాత పద్దు వంద బైట్లు ఉందనుకున్నా పదమూడు వందల పద్దులు కలిపి నూట ముప్ఫై కిలోబైట్లు. తెల్లారగానే బావగారు వాట్సాప్‌లో పంపే శుభోదయం బొమ్మ ఇంచుమించు అంతే ఉంటుంది. పైగా విండోస్ పొద్దున లేవగానే రిజిస్ట్రీని పారాయణం చేయదు, తనకు కావలసిన పద్దు దగ్గరికి నేరుగా వెళ్తుంది. విండోస్ కడుపులో ఏముందో విప్పి చెప్పడంలో పేరున్న మార్క్ రుసినోవిచ్ 2005లోనే రాశాడు: రిజిస్ట్రీ ఉబ్బినా, మొత్తం గాలించే పనులకు తప్ప మిగతా వేగానికి పెద్దగా తేడా రాదని. క్లీనర్లు అమ్మేవాళ్లు ఆ ముక్క చదవలేదు. చదివినా అమ్మకం ఆగేదా?

ఈ నాటకం పుట్టింది మన బజార్లో కాదు. 2008లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 'రిజిస్ట్రీ క్లీనర్ ఎక్స్‌పీ' అనే సరుకు మీద కోర్టుకెక్కింది. మీ రిజిస్ట్రీ పాడైపోయిందని తెర మీదికి దొంగ హెచ్చరికలు పంపి, దాదాపు నలభై డాలర్లకు మందు అమ్మారన్నది ఆరోపణ. దీన్ని మించిన హాస్యం 2019లో బయటపడింది. ఆఫీస్ డిపో అనే పెద్ద గొలుసు దుకాణంలో ఉచిత పరీక్ష చేసేవారు. మొదట నాలుగు ప్రశ్నలు: కంప్యూటరు నెమ్మదించిందా, వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా, ఆ తీరున. వాటిలో ఒక్కదానికి టిక్కు పెట్టినా రోగం ఉన్నట్టు రిపోర్టు వచ్చేది, ఆ తర్వాత నడిచిన స్కాను ఉత్తి అలంకారం. ఆ దుకాణమూ దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ కలిసి మూడున్నర కోట్ల డాలర్లు కట్టి బయటపడ్డాయి. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే జంట సంస్థలు ఇలాంటి ఆరోపణల మీదే రెండు కోట్ల అరవై లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. మన కుర్రాడు ఆ లెక్కన అమాయకుడు, మూడు వందలు తీసుకుని టీ తాగి పోతాడు.

అతను పోయాకే అసలు కథ. మీసేవ పక్కన అదే క్లీనరు కొట్టించుకున్న నెట్ సెంటరులో వేలిముద్ర యంత్రం ఉన్నట్టుండి పలకదు. పింఛను పని మీద వచ్చిన అవ్వ వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది, తన వేలిదే తప్పనుకుంటుంది పాపం. పెళ్లి కార్డులు కొట్టే డీటీపీ షాపులో పేజ్‌మేకర్ తెరుచుకుంటుంది గానీ అను ఫాంట్ల కీబోర్డు అంటుకోదు, వధూవరుల పేర్లు ఇంగ్లీషు గుర్తుల పులుసైపోతాయి. పాతకాలపు ప్రోగ్రాములు రిజిస్ట్రీలో పెట్టుకున్న పద్దు క్లీనరు కంటికి అనాథలా కనబడుతుంది. అనాథ అంటే ఎవరికీ అక్కర్లేనిదని దాని నమ్మకం. తీసేస్తుంది. ఏది తీసేసిందో అడిగితే "1,300 సమస్యలు పరిష్కారమయ్యాయి" అని చప్పట్లు కొట్టుకుంటుంది.

విండోస్ చేసినవాళ్ల మాటేమిటి? 1990లలో మైక్రోసాఫ్ట్ తానే రెగ్‌క్లీన్ అని ఒకటి ఇచ్చి, తర్వాత వెనక్కి లాక్కుంది. ఇప్పుడు రిజిస్ట్రీ క్లీనర్ల వాడకానికి తన మద్దతు లేదని, గట్టిగా దెబ్బతింటే విండోస్ మళ్లీ వేసుకోవలసి రావచ్చని రాతపూర్వకంగా చెబుతోంది. పేరున్న క్లీనరైతే భయం లేదనుకునేవాళ్లకు 2017 గుర్తుచేయాలి. కోట్ల మంది నమ్మిన సీక్లీనర్ 5.33 వెర్షనులో దొంగలు చొరబడి తమ కోడు కలిపేశారు, అది అసలు కంపెనీ సంతకంతోనే దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లలోకి దిగింది. చీపురు పట్టుకొచ్చినవాడి సంచి కూడా చూడాలన్నమాట.

ఇంత విన్నా చేయి దురద తీరనివాళ్లుంటారు. వాళ్లు ముందు రిస్టోర్ పాయింట్ పెట్టుకోవాలి, అంతకంటే ముందు సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, చాలా కంప్యూటర్లలో అది నిద్రపోతూ ఉంటుంది. విండోస్ తనంతట తానే రిజిస్ట్రీ నకలు దాచుకుంటుందిలే అని ధీమా వద్దు. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఆ అలవాటు మానేసింది. రెగ్‌బ్యాక్ అనే ఫోల్డరు ఉంటుంది, అందులో ఫైళ్ల పేర్లూ ఉంటాయి, లోపల సున్నా కిలోబైట్లు. రెగ్‌ఎడిట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవులో పెట్టుకోవడం మంచిదే గానీ, దాన్ని తిరిగి ఎక్కిస్తే పోయినవి వస్తాయి, మధ్యలో కొత్తగా చేరినవి పోవు. ముఖ్యమైన లెక్కలున్న కంప్యూటరైతే డిస్కు మొత్తానికి నకలు తీయాలి. ఆ పైన జాబితా అంతా చదివి, తెలిసిన పద్దుకే టిక్కు ఉంచి, తక్కినవన్నీ తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి చూసుకోవాలి. 'అన్నీ సరిచేయి' అనే బటన్ ఎంత అందంగా మెరుస్తున్నా దాని జోలికి పోకూడదు. ఇలా ఓపిగ్గా చదివేవాడికి, చివరికి తీయదగ్గది ఏమీ కనబడదు.

మండీ కంప్యూటరు ఎందుకు నెమ్మదించిందో కాస్త ఒంగి చూస్తే తెలుస్తుంది. నాలుగు జీబీ ర్యాము, పదేళ్లనాటి తిరిగే హార్డ్ డిస్కు, ఫ్యాను రెక్కల మీద వేలెడు దుమ్ము. డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేస్తే నిమిషాల పని సెకన్లలోకి వస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజరులో స్టార్టప్ జాబితా తెరిస్తే, పొద్దున్నే పిలవని పేరంటానికి వచ్చి కూర్చునేవాళ్లంతా బయటపడతారు. వాళ్లలో ముందు వరసలో కాలు మీద కాలేసుకుని ఉన్నది ఎవరనుకున్నారు? క్లీనర్ గారే. రిజిస్ట్రీని శుభ్రం చేయడానికి వచ్చి, అదే రిజిస్ట్రీలో తన పద్దులు రాసుకున్నారు.

ఆయన్ను సాగనంపబోతే ఒక పేజీ తెరుచుకుంటుంది, "మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్తున్నారు?" అని. కింద సగం ధరకు ఏడాది చందా. సాగనంపాక కూడా కొన్ని పద్దులు వదిలేసి పోతారు. వచ్చే సీజనుకు ఇంకో కంపెనీ స్కానరు వాటిని కూడా లెక్కలో కలుపుకుని పదమూడు వందల పద్నాలుగు అంటుంది.