అడవికి పేవర్లు పరిచాం

హైదరాబాదు శివారులో పిల్లలకు పర్యావరణం నేర్పే శిబిరం ఒకటుంది. పోయిన వేసవిదాకా అక్కడ పర్యావరణం మరీ ఎక్కువైపోయి ఉండేది. తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు, నడుమెత్తు చెదపుట్ట, వానొస్తే నిండే కుంట. పిల్లలు బురద కాళ్లతో ఇంటికెళ్తున్నారని తల్లిదండ్రులు గొడవ చేశారు. ఆవరణను తీర్చిదిద్దడానికి కమిటీ పడింది. దాచడమెందుకు, అందులో నేనూ ఉన్నాను. కమిటీ సమావేశాల్లో, 2022 జులై నుంచి నిషేధంలో ఉన్న ప్లాస్టిక్ ప్లేట్లలో పెట్టారు గానీ, సమోసాలు మాత్రం వేడివేడిగా ఉండేవి.

కమిటీ పెట్టుకున్న కన్సల్టెంటుగారు ముందు తంగేడు పీకించారు. ఆ చోటే ‘మన రాష్ట్ర పుష్పం తంగేడు’ అని పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. దానికి నీళ్లు పోసే పనిలేదు. పైగా పువ్వు పక్కన నలుగురు నాయకులు కూడా పూశారు. పుట్టను పడగొట్టి ఫైబరు పుట్ట పెట్టారు. మీట నొక్కితే లోపల ఎర్ర లైటు వెలుగుతుంది.

గోడ పొడవునా కోనోకార్పస్ మొక్కలు నాటుతుంటే, ‘‘దీన్ని గుజరాత్‌లో 2023లోనే వద్దన్నారు కదండీ’’ అన్నాను. ‘‘అందుకే చవగ్గా వస్తున్నాయి సార్’’ అన్నారాయన.

కుంట పూడ్చి, నేలంతా పేవర్లు పరిచాక వాన సంగతి గుర్తొచ్చింది. గేటు దగ్గర, వచ్చేపోయేవాళ్ల కంటపడేలా ఇంకుడు గుంత తవ్వించారు. వాలు మాత్రం వెనకవైపుంది. తొలకరి నీళ్లన్నీ వెనకవీధిలోకి పోయాయి. గుంత పొడిగా, ఫొటోకు అనువుగా మిగిలింది.

పాత వేపచెట్టు మొదలుకంటా సిమెంటు పోస్తుంటే ఆగలేకపోయాను. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని హరిత ట్రిబ్యునల్ 2013లో చెప్పిన మాట వినిపించాను. ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. మర్నాడు వెళ్లి చూస్తే సిమెంటు మీద, చెట్టు చుట్టూ, టేపుతో కొలిచినట్టు మీటరు మేర పచ్చరంగు. ఆకులు రాలి పేవర్లు పాడవుతాయని కొమ్మలు కూడా కొట్టించారు.

మొన్న తొలి బ్యాచ్ వచ్చింది. ‘ఆవరణలో అన్నిటికన్నా ఎక్కువ నీడనిచ్చేదేదో కొలిచి రాయండి’ అన్నది మొదటి పాఠం. పిల్లలు టేపులు పట్టుకుని మొండి వేప చుట్టూ తిరిగారు, కోనోకార్పస్ వరుస దగ్గర వంగారు, చివరికి అందరూ ఒక్కచోటే చేరారు. ఓ పాప పొడవు, వెడల్పు గుణించి ‘తంగేడు ఫ్లెక్సీ’ అని రాసింది. టీచరమ్మ మళ్లీ కొలిచి చూసి, పదికి పది వేసింది.