చిప్పులు లెక్కపెట్టే బాబాయి

మీ చుట్టాల్లోనూ ఒకాయన ఉండే ఉంటాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ‘ఒంట్లో ఎలా ఉందిరా?’ అని అడగడు. ‘సిస్టం ఎలా ఉంది?’ అంటాడు. బాగానే ఉందంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. స్లో అయిందన్నామో, పెళ్లి పంక్తిలో పూర్ణాలు రెండోసారి వస్తున్నంత సంబరం.

మా ఇంటిపేరు వాళ్లలో ఈ పదవి మా బాబాయిది. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు. అసలు పేరు ఎప్పుడో మరుగున పడింది. పిల్లలంతా ‘ర్యామారావు తాతయ్య’ అనే పిలుస్తారు. జేబులో పెన్ను ఉండదు గానీ స్టార్ స్క్రూడ్రైవరు, పెయింటింగ్ బ్రష్షు, పిల్లల పెన్సిల్ రబ్బరు ఉంటాయి. ఇంట్లో బీరువా పైన ఒక చెప్పుల డబ్బా. అందులో చెప్పులు తప్ప అన్ని తరాల ర్యాములూ న్యూస్ పేపర్లో పొట్లాలు కట్టి ఉంటాయి. 168 పిన్నుల ముత్తాతల దగ్గర్నుంచి ఉన్నాయి. పారేయమంటే పిన్నితో రెండ్రోజులు మాట్లాడడు.

మా కంప్యూటరు 2010 నాటిది. ఆన్ చేసి స్నానానికి వెళ్లొస్తే డెస్క్‌టాప్ కనిపిస్తుంది. బ్రౌజర్ కావాలంటే టిఫిను కూడా చేసి రావాలి. కొత్తది కొందామని నోరు జారాను.

“పనిచేసే వస్తువును పారేస్తార్రా? ర్యామ్ వేస్తే గుర్రంలా పరిగెత్తుతుంది” అంటూ బాబాయి దిగిపోయాడు.

మూత తీయగానే ముందు క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకాడు. “ఒంట్లో ఉన్న కరెంటు ఇందులోకి దిగిపోవాలి” అన్నాడు. ముప్పై ఏళ్లు కరెంటాఫీసులో చేసిన మనిషి ఒంట్లో ఎంత కరెంటు ఉంటుందోనని మా పిల్లాడు రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత ఉన్న 2 జీబీ ర్యాము ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను రబ్బరుతో మెల్లగా తోమాడు. రబ్బరు పొట్టును బ్రష్షుతో దులిపాడు. మళ్లీ పెట్టి, రెండు చివర్లా టక్, టక్ అని క్లిప్పులు పడేదాకా నొక్కాడు. సగం జబ్బులు దీంతోనే పోతాయట. మాది ఆ రెండో సగం.

“డీడీఆర్ టూకీ 240 పిన్నులే, త్రీకీ 240 పిన్నులే. చూడ్డానికి కవలలు. కానీ మధ్యలో గాటు చోటు వేరు, దానికి 1.8 వోల్టులు, దీనికి 1.5. బలవంతంగా తోస్తే బోర్డు చస్తుంది. నీది త్రీ” అని తేల్చి, సికింద్రాబాద్ బస్సెక్కాడు. పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల షాపులుండే సీటీసీకి వెళ్లి, 4 జీబీ ర్యాము తెచ్చాడు. “ఏ బోర్డుకైనా పడుద్ది సార్” అన్నాడట షాపతను.

పెట్టాం. ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం అమావాస్య. పాతది పెడితే వస్తుంది, కొత్తది పెడితే రాదు. స్లాటు మార్చాడు. కొత్తదాన్ని ఒక్కదాన్నే పెట్టాడు. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి, కాఫీ తాగి, మళ్లీ పెట్టాడు. ఊహూఁ.

మర్నాడు ర్యామ్ పట్టుకుని షాపుకెళితే, వాళ్లు తమ బోర్డులో వేసి చూపించారు. శుభ్రంగా పనిచేసింది. “ర్యామ్ మంచిదే సార్, తిరిగి తీసుకోం” అన్నారు.

బాబాయి ఇంటికొచ్చి, కళ్లజోడు తుడుచుకుని, ర్యామును వెలుగులో పెట్టి వేలితో లెక్కపెట్టాడు. ఒక వైపు ఎనిమిది నల్ల చిప్పులు, రెండో వైపు ఖాళీ. “అదీ సంగతి! ఎనిమిదింట్లో 4 జీబీ అంటే ఒక్కోటి అర జీబీ. నీది జీ41 బోర్డు. అంత పెద్ద ముద్ద మింగలేదు. దానికి పావు జీబీ చిప్పులు పదహారు, అటు ఎనిమిది, ఇటు ఎనిమిది ఉండాలి.” ర్యామూ మంచిదే, బోర్డూ మంచిదే, ఇద్దరికీ పొసగలేదు.

మూడో ట్రిప్పు. ఇంకో షాపు. “చిప్పులు లెక్కపెట్టి కొనేవాళ్లని మిమ్మల్నే చూస్తున్నా సార్” అన్నాడట అతను. “బియ్యంలో రాళ్లేరిన వాళ్లం, పదహారు చిప్పులు లెక్కపెట్టలేమా?” అన్నాడట బాబాయి.

ఈసారి తెర వెలిగింది. పాత రెండూ కొత్త నాలుగూ కలిపి ఆరు జీబీ! మా ఆవిడ తొంగిచూసి, “మావయ్యగారూ, ఆరు పెట్టి, వాడుకోడానికి మూడు చిల్లరే అంటోందేం?” అంది. అందరం బాబాయి వైపు చూశాం, మిగతాది ఆయనే జేబులో వేసుకున్నట్టు.

“32 బిట్ విండోస్ అమ్మా ఇది. నాలుగు జీబీ దాటితే దానికి లెక్క రాదు. అందులోనూ కొంత మిగతా సామానుకి రాసిచ్చేస్తుంది. 64 బిట్ వేస్తే మొత్తం కనిపిస్తుంది. వచ్చే ఆదివారం వస్తా.” వచ్చాడు. వేశాడు. ఇప్పుడు స్నానం లేకుండానే డెస్క్‌టాప్ వస్తోంది.

ఖర్చు వేస్తే మూడు ట్రిప్పుల బస్సు టికెట్లు, లెక్కలేనన్ని కాఫీలు, రెండు ఆదివారాల భోజనాలు. రెండు ర్యాములకూ బాబాయి డబ్బు తీసుకోలేదు. మిగిలిన ఎనిమిది చిప్పులదాన్ని మాత్రం భద్రంగా పొట్లం కట్టాడు. “మీ అక్కది హెచ్61 బోర్డు. దానికి పడుతుంది” అన్నాడు. అక్క తన కంప్యూటరు స్లో అని ఎవరికీ చెప్పలేదు. అయినా శనివారం వెళుతున్నాడు.

మీ ఇంట్లో ఇలాంటి బాబాయి లేకపోతే ఒక్క మాట: పాత కంప్యూటరుకు ర్యామ్ కొనే ముందు మూత తీసి బోర్డు నంబరు రాసుకోండి, అది ఎంత మోస్తుందో చూసుకోండి, కొట్లో నిలబడే చిప్పులు లెక్కపెట్టండి. లెక్కపెట్టకుండా కొంటే చేతికి మిగిలేది చిప్పే.